కట్టే ప్రొటీన్లు, కాచే ప్రొటీన్లు: రెట్ సిండ్రోమ్ మీద కొన్ని ఆలోచనలు

రెట్ సిండ్రోమ్ ఉన్న పాప పుట్టినప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాదు. నెలలు నిండి, తగిన బరువుతో పుట్టి, పాలు తాగి, మెడ నిలిపి, నవ్వి, చాలామంది విషయంలో కూర్చోవడం కూడా నేర్చుకుని, ఒకటి రెండు మాటలు పలికే దాకా వస్తుంది. ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య ఎప్పుడో ఎదుగుదల మందగిస్తుంది. ఆ తరువాత కొన్ని వారాల్లోనో నెలల్లోనో నేర్చుకున్నవి ఒక్కొక్కటిగా జారిపోతాయి. బొమ్మను అందుకున్న చేయి ఇక అందుకోదు, వచ్చిన మాటలు ఆగిపోతాయి, రెండు చేతులూ ఛాతీ ముందు కలిసి, కడుక్కుంటున్నట్టో బట్ట పిండుతున్నట్టో, మెలకువగా ఉన్నంతసేపూ కదులుతూనే ఉంటాయి. తల చుట్టుకొలత పెరగవలసినంత వేగంగా పెరగదు. కొందరు నడక నేర్చుకోకుండానే ఉండిపోతారు, నేర్చుకున్నవారిలో కొందరికి అది పోతుంది. సగానికి పైగా పిల్లలకు మూర్ఛలు వస్తాయి. మెలకువలో ఊపిరి బిగబట్టడం, వెంటనే ఆయాసపడినట్టు వేగంగా పీల్చడం కనిపిస్తాయి. సుమారు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే ఈ స్థితికి, దాదాపు అన్ని సందర్భాల్లోనూ, ఒకే ఒక్క ప్రొటీన్‌లోని లోపం కారణం. దాని పేరు మెక్‌పీ2.

నేను వైద్యుణ్ణి కాను, డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెప్పేవాణ్ణి. ప్రొటీన్ల పాఠంలో ఉదాహరణగా హీమోగ్లోబిన్‌నో ఇన్సులిన్‌నో చెప్పి ముగించడం మా అలవాటు, పాఠ్యపుస్తకమూ అంతకు మించి అడగదు. కానీ ఒక ప్రొటీన్ ఎప్పుడు అవసరం, ఎంత అవసరం, ఎక్కడ అవసరం అన్న మూడు ప్రశ్నలనూ కలిపి చూపించగల ఉదాహరణ కావాలంటే మెక్‌పీ2కు మించినది నాకు కనిపించలేదు. ముందే ఒక మాట చెప్పాలి. ఈ వ్యాసంలో ప్రొటీన్ అన్నప్పుడల్లా పప్పులోనూ గుడ్డులోనూ ఉండే దాన్ని గురించి కాదు. తిన్న ప్రొటీన్ ఏదైనా జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, ఆ అమైనో ఆమ్లాలతో ఏ కణం ఏ ప్రొటీన్‌ను తయారుచేసుకోవాలో నిర్దేశించేవి ఆ కణంలోని జన్యువులు. కనుక పిల్లల మెదడు చురుకుదనానికని డబ్బాల్లో అమ్మే పొడులకూ ఇక్కడ చెప్పబోయే దానికీ ఏ సంబంధమూ లేదు.

మెదడు ఎదుగుదలలో లోపం అనగానే మనకు తోచేది, పునాదిలోనో గోడల్లోనో తప్పు జరిగిన నిర్మాణం. కొన్ని జబ్బుల విషయంలో ఈ ఊహ అక్షరాలా నిజం. గర్భంలో మూడో నెల నుంచి ఆరో నెల దాకా, మెదడు లోపలి పొరల దగ్గర పుట్టిన న్యూరాన్లు, అంటే నాడీకణాలు, అక్కడే ఉండిపోక, ఉపరితలం వైపు ప్రయాణం చేసి తమ తమ వరుసల్లో చేరతాయి. ఈ ప్రయాణం సాగాలంటే కణం లోపలి సూక్ష్మనాళికలను నిలిపి నడిపించే ప్రొటీన్లు కావాలి. వాటిలో లిస్1, డబుల్‌కార్టిన్ ముఖ్యమైనవి. వీటిలో ఏది లోపించినా న్యూరాన్లు దారి మధ్యలో ఆగిపోతాయి, మెదడు మీద ఉండవలసిన మడతలు ఏర్పడవు, స్కానింగ్‌లో మెదడు ఉపరితలం నున్నగా కనిపిస్తుంది. ఈ తప్పు పుట్టుకకు ముందే జరిగిపోతుంది. ఆ తరువాత ఆ ప్రొటీన్‌ను తెచ్చి ఇచ్చినా, చేరవలసిన చోటికి చేరని న్యూరాన్లను మళ్ళీ నడిపించడం ఇప్పటికి మన చేతిలో ఉన్న పని కాదు. ఇవి కట్టే ప్రొటీన్లు. రెట్ సిండ్రోమ్‌ను కూడా చాలాకాలం ఈ జాబితాలోనే వేసి చూశారు.

రెట్ సిండ్రోమ్ చరిత్రలో రెండు దారులు ఒకదానికొకటి తెలియకుండా సాగి, చివర్లో కలుస్తాయి. మొదటి దారి వియన్నాలో మొదలవుతుంది. పిల్లల వైద్యుడు ఆండ్రియాస్ రెట్ 1954లో తన ఆసుపత్రి గదిలో తల్లుల ఒడిలో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు చేతులను ఒకే తీరుగా రుద్దుకుంటూ ఉండడం గమనించి, పాత రికార్డులు తిరగేసి అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని తెలుసుకున్నారు. 1966లో జర్మన్ భాషలో ప్రచురించారు. రక్తంలో అమ్మోనియా ఎక్కువగా ఉండడం ఈ జబ్బులో ఒక భాగమని ఆయన అనుకున్నారు, అది తరువాత నిలవలేదు. కానీ ఆయన కంటికి కనిపించిన లక్షణాల వర్ణన మాత్రం నేటికీ సరిపోతుంది. స్వీడన్‌లో బెంగ్ట్ హాగ్‌బర్గ్ అనే నాడీ వైద్యుడు ఇదే తీరు పిల్లలను విడిగా గమనిస్తూ వచ్చి, ఫ్రాన్స్, పోర్చుగల్ వైద్యులతో కలిసి 1983లో 35 మంది ఆడపిల్లల వివరాలను ఇంగ్లిష్‌లో ప్రచురించి, తనకంటే ముందు చూసినవారి పేరే జబ్బుకు పెట్టారు. శాస్త్రంలో ఇంతటి మర్యాద తరచు కనిపించదు. ప్రపంచానికి ఈ జబ్బు తెలిసింది ఆ తరువాతే.

రెండో దారిలో జబ్బు ప్రసక్తే లేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ డీఎన్ఏ మీద ఉండే మిథైల్ గుర్తులను అధ్యయనం చేస్తూ వచ్చారు. డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి కొన్ని చోట్ల ఒక చిన్న మిథైల్ సమూహం అతుక్కుని ఉంటుంది, అక్షరం మారదు కానీ చదివే తీరు మారుతుంది. ఈ గుర్తును గుర్తించి పట్టుకునే ప్రొటీన్ ఏదైనా ఉందా అని వెతికి, ఎలుక మెదడు కణాల కేంద్రకాల నుంచి ఒకదాన్ని వేరుచేసి, 1992లో ప్రకటించారు. అదే మెక్‌పీ2. అది లేకపోతే మనుషుల్లో ఏ జబ్బు వస్తుందన్న ప్రశ్నకు అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఈ రెండు దారులూ కలిసింది హ్యూస్టన్‌లో. బీరూట్‌లో వైద్య విద్య చదువుతూ, అక్కడి అంతర్యుద్ధం వల్ల అమెరికా చేరిన హుదా జోగ్బీ, 1983లో తన మొదటి రెట్ రోగిని చూశారు. ఆ జబ్బు జన్యువును వెతుకుదామంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. సాధారణంగా ఒకే కుటుంబంలో పలువురికి జబ్బు ఉన్నప్పుడు వారి డీఎన్ఏలను పోల్చి జన్యువు ఎక్కడుందో కనిపెడతారు. రెట్ మాత్రం దాదాపు ఎప్పుడూ కుటుంబంలో ఒక్కరికే వస్తుంది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ వచ్చిన అతి కొద్ది కుటుంబాలను ఆధారం చేసుకుని, ఎక్స్ క్రోమోజోమ్‌లో ఈ భాగం కాదు, ఆ భాగం కాదు అని తోసేస్తూ, చివరకు దాని పొడవైన భుజం కొసకు చేరారు. అక్కడున్న జన్యువులను ఒక్కొక్కటే పరీక్షించగా, 1999లో రూతీ అమీర్, జోగ్బీ, వారి సహచరులు తప్పు మెక్‌పీ2 జన్యువులో ఉందని చూపించారు. శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఉండే, జన్యువుల నియంత్రణ అనే అతి సాధారణమైన పని చేసే ప్రొటీన్, ఇంత ప్రత్యేకమైన జబ్బుకు కారణం కావడం చాలామందికి నమ్మశక్యంగా అనిపించలేదు.

ఆ సందేహానికి కొంత జవాబు లెక్కల్లో ఉంది. మెక్‌పీ2 శరీరమంతటా ఉన్నా, న్యూరాన్లలో ఉన్నంతగా మరెక్కడా ఉండదు. ఎలుకల మెదడులో పరిణతి చెందిన న్యూరాన్ కేంద్రకం ఒక్కదానిలోనే సుమారు 1.6 కోట్ల మెక్‌పీ2 అణువులు ఉన్నాయని 2010లో బర్డ్ బృందం లెక్కకట్టింది. ఏదో ఒక జన్యువు దగ్గర కూర్చుని దాన్ని తెరిచి మూసే ప్రొటీన్‌కు ఇన్ని కాపీలు అక్కరలేదు. డీఎన్ఏ పొడవునా ఎక్కడ మిథైల్ గుర్తు ఉంటే అక్కడ పరచుకుని, మొత్తం జన్యువుల చదువు మీద సన్నని అదుపు ఉంచేదానికే ఇంత మొత్తం కావాలి. ఈ ప్రొటీన్‌లో ఒక భాగం మిథైల్ గుర్తును పట్టుకుంటుంది, మరొక భాగం జన్యువులను అణచే ఇతర ప్రొటీన్ల గుంపును పట్టుకుంటుంది. అంటే ఇది డీఎన్ఏకూ ఆ గుంపుకూ మధ్య లంకె. రెట్ సిండ్రోమ్ కలిగించే, ఒకే అమైనో ఆమ్లాన్ని మార్చే ఉత్పరివర్తనాలు, అంటే జన్యువులో వచ్చే మార్పులు, ఎక్కువగా ఈ రెండు భాగాల్లోనే పోగుపడి కనిపిస్తాయి. 158వ స్థానంలో థ్రియోనిన్ ఉండవలసిన చోట మెథియోనిన్ వస్తే డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది, 306వ స్థానంలో ఆర్జినిన్ ఉండవలసిన చోట సిస్టీన్ వస్తే రెండో వైపు లంకె తెగుతుంది. 486 అమైనో ఆమ్లాల పొడవున్న గొలుసులో ఒక్కటి మారినా చాలునన్నమాట. ఈ ప్రొటీన్ లేకపోతే ఏ జన్యువు చెడిపోతుంది అని అడిగితే ఒక పేరు చెప్పడం కుదరదు. వేలాది జన్యువుల పని కొంచెం కొంచెం పెరిగో తగ్గో ఉంటుంది, అన్నీ కలిసి న్యూరాన్‌ను కుంగదీస్తాయి.

పాప ఆరు నెలల దాకా బాగానే ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు కూడా ఇక్కడే ఆధారం దొరుకుతుంది. పుట్టేనాటికి న్యూరాన్లు పుట్టడం, చేరవలసిన చోటికి చేరడం చాలావరకు అయిపోయి ఉంటుంది. ఆ తరువాతి నెలల్లో, సంవత్సరాల్లో జరిగేది కొమ్మలు వేయడం, ఒకదానితో ఒకటి సినాప్స్‌ల ద్వారా కలుసుకోవడం, పనికివచ్చే కలయికలను ఉంచుకుని పనికిరానివాటిని వదులుకోవడం. సరిగ్గా ఈ కాలంలోనే న్యూరాన్లలో మెక్‌పీ2 మొత్తం పెరుగుతుంది. అది పట్టుకోవలసిన మిథైల్ గుర్తుల్లో ఒక ప్రత్యేకమైన రకం, న్యూరాన్లలో తప్ప ఇతర కణాల్లో అరుదుగా కనిపించేది, పుట్టిన తరువాతే పోగవుతుంది. అవసరం మొదలైన కాలంలోనే లోటు బయటపడుతుంది. రెట్ సిండ్రోమ్ ఉన్నవారి మెదడును మరణానంతరం పరీక్షించినప్పుడు తేలిన సంగతి మరీ ముఖ్యమైనది. మెదడు చిన్నదిగా ఉంటుంది, న్యూరాన్లు చిన్నవిగా, దగ్గర దగ్గరగా, కొమ్మలు తక్కువగా ఉంటాయి, కానీ చచ్చిపోయి ఉండవు. అల్జీమర్స్ వంటి జబ్బుల్లో కనిపించే కణ నాశనం ఇందులో లేదు. ఉన్న కణం ఉన్నట్టే ఉండి, చేయవలసినంత పని చేయలేకపోవడమే ఇందులోని లోపం.

ఆడపిల్లలకే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఈ ఒక్క విషయం సరిగా తెలియక మన ఇళ్ళలో తల్లులు పడే మాటలు అన్నీ ఇన్నీ కావు. మెక్‌పీ2 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవారిలో రెండు ఎక్స్‌లు ఉన్నా, ప్రతి కణమూ వాటిలో ఒకదాన్ని మూసేసి ఒకదానితోనే పని నడుపుతుంది, ఏది మూయాలన్నది పిండదశలో కణకణానికీ యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. అందువల్ల రెట్ ఉన్న పాప మెదడులో దాదాపు సగం న్యూరాన్లకు మంచి మెక్‌పీ2 ఉంటుంది, సగానికి ఉండదు, రెండు రకాలూ పక్కపక్కనే కలగలిసి ఉంటాయి. ఈ పాళ్ళు ఎటు మొగ్గాయన్నదాన్ని బట్టి, ఉత్పరివర్తనం ఏ రకమన్నదాన్ని బట్టి, ఒకే జబ్బు ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు నడుస్తారు, ఒకరు నడవలేరు. మగపిల్లవాడికి ఉన్న ఒక్క ఎక్స్‌లోనే తప్పు ఉంటే ఏ కణానికీ మంచి ప్రొటీన్ అందదు, పుట్టిన కొద్ది కాలానికే తీవ్రమైన మెదడు జబ్బుతో బాధపడతాడు. తప్పు ఎక్కడి నుంచి వస్తుందంటే, అత్యధిక సందర్భాల్లో అది తల్లిదండ్రులిద్దరిలోనూ లేని, అప్పటికప్పుడు పుట్టిన కొత్త తప్పు, అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లిన తప్పు. తండ్రి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ అందేది కూతురికే గనుక, జబ్బు ఆడపిల్లల్లో కనిపించడానికి ఇది కూడా ఒక కారణం.

మా బంధువర్గంలో ఒక తల్లి, బిడ్డకు ఈ నిర్ధారణ వచ్చిన తరువాత కూడా, గ్రహణం పూట బయట తిరిగినందుకేమో, బొప్పాయి ముక్క తిన్నందుకేమో అని తవ్వుకుంటూనే ఉండేది. మా వంశంలో ఇలాంటివి లేవన్న మాట అత్తింటి నుంచి సరేసరి. వంశంలో లేదన్నది నిజమే, దాదాపు ఏ వంశంలోనూ ఉండదు. మేనరికం కూడా ఇందులో కారణం కాదు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న కాపీలు వచ్చినప్పుడు మాత్రమే కలిగే జబ్బులు మేనరికాల్లో ఎక్కువవుతాయి, రెట్ ఆ కోవలోది కాదు. అందుచేత మేనరికం చేసుకోని దంపతులకూ ఇది అదే పాళ్ళలో వస్తుంది. తరువాతి బిడ్డకు మళ్ళీ వచ్చే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. సున్నా అని ఎందుకు అనరంటే, తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో కొన్నిటిలో మాత్రమే ఆ తప్పు దాగి ఉండే అరుదైన సందర్భాలున్నాయి. అందుకే తరువాతి గర్భంలో పరీక్ష చేయించుకోమని జన్యు వైద్యులు సూచిస్తారు. జన్యు పరీక్షలు ఇప్పుడు మన దగ్గర దుర్లభం కాదు, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ వంటి ప్రభుత్వ సంస్థతో పాటు ప్రైవేటు ప్రయోగశాలలూ చేస్తున్నాయి. అయితే అక్షరక్రమాన్ని మాత్రమే చదివే పరీక్షలో ఏమీ తేలనప్పుడు, జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోయిందేమో చూసే పరీక్ష కూడా చేయించాలి, లేకపోతే కొన్ని కేసులు తప్పిపోతాయి.

జన్యువు దొరికిన రెండేళ్ళకు, 2001లో, మెక్‌పీ2 లేని ఎలుకలను రెండు ప్రయోగశాలలు విడివిడిగా తయారుచేశాయి. మగ ఎలుకలు మొదటి వారాల్లో మామూలుగానే ఉండి, తరువాత నడక తడబడి, వణుకు పుట్టి, ఊపిరి క్రమం తప్పి, పది వారాలు తిరగకుండా చనిపోయేవి. బర్డ్ బృందం అప్పుడు ఒక ప్రశ్న వేసుకుంది. జబ్బు పూర్తిగా ముదిరిన తరువాత మంచి ప్రొటీన్‌ను తిరిగి ఇస్తే ఏమవుతుంది? రెట్ సిండ్రోమ్ కట్టడంలో తప్పు అయితే ఏమీ కాకూడదు. ఇందుకోసం ఎలుక మెక్‌పీ2 జన్యువు మధ్యలో చదువును అడ్డగించే డీఎన్ఏ ముక్కను పెట్టి, టామోక్సిఫెన్ అనే మందు ఇచ్చినప్పుడు మాత్రమే ఆ అడ్డు తెగిపోయేలా ఏర్పాటు చేశారు. మందు ఒక్కసారిగా ఎక్కువగా ఇచ్చినప్పుడు కొన్ని ఎలుకలు చనిపోయాయి. మెల్లమెల్లగా ఇచ్చినప్పుడు, కొద్ది రోజుల్లో చావవలసిన ఎలుకలు లేచి తిరిగాయి, వణుకు తగ్గింది, ఊపిరి కుదుటపడింది, ఆయుష్షు పెరిగింది. 2007 ఫిబ్రవరిలో ఈ ఫలితం వెలువడింది. ఎదుగుదల జబ్బుల చరిత్రలో దీనికి సాటి వచ్చే ప్రయోగాలు చాలా తక్కువని నా అభిప్రాయం. ఎలుక మనిషి కాదన్న హెచ్చరికను తక్కువ చేయకుండానే ఈ మాట అంటున్నాను.

దీనికి మరో వైపు ఉన్న ప్రయోగాన్ని 2011లో జోగ్బీ బృందం చేసింది. పూర్తిగా ఎదిగిన, ఏ లోపమూ లేని ఎలుకల్లో మెక్‌పీ2 జన్యువును తొలగించి చూశారు. ఎదుగుదల అంతా సవ్యంగా ముగిసినా, ఆ ఎలుకలకూ అవే లక్షణాలు వచ్చాయి, అవీ అకాలంగా చనిపోయాయి. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టుకుంటే మెక్‌పీ2 పని ఏమిటో తేటపడుతుంది. చెరువుకు కట్ట పోసిన వడ్డెర వేరు, ఆ తరువాత ఏటేటా తూము చూసుకుంటూ, గండి పడకుండా కాపు కాసే నీరటి వేరు. లిస్1, డబుల్‌కార్టిన్ మొదటి రకం, మెక్‌పీ2 రెండో రకం. అది బతికినన్నాళ్ళూ రోజూ కావాలి, ఏ వయసులో ఆగినా నష్టమే, ఏ వయసులో తిరిగి వచ్చినా ఎంతో కొంత మేలే.

ఇక్కడితో ఆగితే చికిత్స తేలికే అనిపిస్తుంది, మంచి జన్యువును మెదడులోకి పంపితే చాలు. అలా కాకపోవడానికి కారణం మోతాదు. 2004లో జోగ్బీ ప్రయోగశాలలో మెక్‌పీ2 మామూలు కంటే సుమారు రెట్టింపు ఉండే ఎలుకలను తయారుచేసినప్పుడు, మొదట నేర్చుకోవడంలో చురుకుగా కనిపించినా, వయసు పెరిగేకొద్దీ వాటికి మూర్ఛలు, కదలికల్లో లోపాలు వచ్చాయి. మరుసటి ఏడే మనుషుల్లోనూ ఇది బయటపడింది. ఎక్స్ క్రోమోజోమ్‌లో ఈ జన్యువున్న ముక్క రెండుసార్లు ఉన్న మగపిల్లలకు పసితనంలో ఒళ్ళు మెత్తగా ఉండడం, మాట రాకపోవడం, మూర్ఛలు, పదే పదే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కనిపిస్తాయి. వారి తల్లుల్లో ఎక్కువమందికి ఆ రెట్టింపు ముక్క ఉన్నా, అది ఉన్న ఎక్స్‌నే కణాలు మూసేసుకోవడం వల్ల పైకి ఏమీ తెలియదు. తక్కువైతే ఆడపిల్లలకు ఒక జబ్బు, ఎక్కువైతే మగపిల్లలకు ఒక జబ్బు. ఈ రెండో జబ్బు కూడా ఎలుకల్లో వెనక్కి మళ్ళింది, ఎక్కువైన ప్రొటీన్ తయారీని తగ్గించే చిన్న డీఎన్ఏ ముక్కలను మెదడు ద్రవంలోకి ఎక్కించి 2015లో ఆ సంగతి చూపించారు.

మోతాదు ఇంత సున్నితమైన విషయమైన ప్రొటీన్ ఇదొక్కటే కాదు. సినాప్స్ దగ్గర సంకేతాల బలాన్ని అదుపు చేసే సిన్‌గ్యాప్1 అనే ప్రొటీన్ రెండు జన్యు కాపీల్లో ఒకటి చెడి సగానికి తగ్గితే చాలు, బుద్ధిమాంద్యం, మూర్ఛలు వస్తాయి. దీని మీద బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రంలో జేమ్స్ క్లెమెంట్ బృందం పనిచేస్తోంది. యూబీఈ3ఏ అనే ప్రొటీన్ న్యూరాన్లలో లోపిస్తే ఏంజెల్‌మన్ సిండ్రోమ్, ఆ జన్యువున్న ముక్క రెట్టింపైతే ఆటిజం లక్షణాలతో కూడిన వేరే జబ్బు. ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్‌లో ఎఫ్‌ఎంఆర్‌పీ అనే ప్రొటీన్ అసలే తయారు కాదు. సినాప్స్ దగ్గర ఇతర ప్రొటీన్ల తయారీకి కళ్ళెంలా ఉండవలసిన ఆ ప్రొటీన్ లేక, తయారీ హద్దు మీరుతుంది. దీనికి విరుగుడుగా తయారైన మందులు ఎలుకల్లో చక్కగా పనిచేసి, మనుషుల్లో జరిపిన పరీక్షల్లో విఫలమయ్యాయి. 2007 ప్రయోగాన్ని తలచుకుని ఉత్సాహపడే ప్రతిసారీ నేను ఈ వైఫల్యాన్ని కూడా తలచుకుంటాను.

రెట్ సిండ్రోమ్‌కు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మొదటి మందు ట్రోఫినెటైడ్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023 మార్చిలో, రెండేళ్ళు, ఆపై వయసు వారికి దీన్ని అనుమతించింది. ఇది మెక్‌పీ2ను తిరిగి ఇవ్వదు. శరీరంలో సహజంగా ఉండే ఒక వృద్ధి కారకం కొసన ఉండే మూడు అమైనో ఆమ్లాల ముక్కను అనుకరించి తయారుచేసినది. 187 మంది ఆడపిల్లల, యువతుల మీద 12 వారాలు జరిపిన పరీక్షలో, మందు తీసుకున్నవారి పరిస్థితి ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే కొంత మెరుగైంది. ఎక్కువమందికి విరేచనాలయ్యాయి. ధర మన మధ్యతరగతి ఊహకు కూడా అందదు. మెరుగుదల నిజమే కానీ చిన్నది, ఇంతకంటే పెద్ద మాట చెప్పేవారిని నమ్మవద్దని కుటుంబాలకు నా మనవి.

అసలు ఆశ జన్యు చికిత్స మీద ఉంది. హాని చేయని ఒక వైరస్ తొడుగులో మంచి జన్యువును పెట్టి వెన్ను ద్రవంలోకో మెదడు లోపలి ద్రవంలోకో ఎక్కిస్తారు. ముందు చెప్పినట్టు పాప మెదడులో సగం కణాలకు ఇప్పటికే సరిపడా ప్రొటీన్ ఉంది. వైరస్‌కు ఏ కణం లేమిలో ఉందో, ఏ కణం నిండుగా ఉందో తెలియదు, నిండుగా ఉన్నదానికి మరో మోతాదు అందితే, ప్రొటీన్ ఎక్కువైనప్పుడు వచ్చే ఆ రెండో జబ్బు పొంచి ఉంటుంది. అందువల్ల, ప్రొటీన్ హద్దు దాటగానే కణమే తయారీని తగ్గించుకునేలా, కొత్త జన్యువులోనే అదుపు పెట్టి పంపుతున్నారు. ఈ వైరస్‌లో పట్టే చోటు చాలా కొంచెం. బర్డ్ బృందం 2017లో మెక్‌పీ2లో ముందు చెప్పిన రెండు ముఖ్య భాగాలను ఉంచి, మిగతాది చాలావరకు తీసేసినా ఎలుకలు దాదాపు ఆరోగ్యంగానే ఉన్నాయని చూపించడం ఇక్కడ అక్కరకు వచ్చింది. 2023లో కెనడాలో ఒక వయోజన స్త్రీకి మొదటిసారి ఇలాంటి చికిత్స ఇచ్చారు, ఆ తరువాత చిన్నపిల్లలకూ ఇస్తున్నారు. వేరొక పరీక్షలో 2024లో ఎక్కువ మోతాదు పొందిన ఒకరు, శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి చెలరేగడంతో మరణించారు, ఆ మోతాదును అక్కడితో ఆపేశారు. తక్కువ మోతాదులతో పరీక్షలు సాగుతున్నాయి.

ఈలోగా ఇంట్లో ఉన్న పాపకు చేయగలిగినవి ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఖరీదైన మందులు అక్కరలేదు. మాట పోయినా, చేతులు స్వాధీనంలో లేకపోయినా, రెట్ ఉన్న పిల్లల్లో చాలామంది చూపుతో స్పష్టంగా చెప్పగలుగుతారు. రెండు బొమ్మలు చూపించి ఏది కావాలని అడిగి, కళ్ళు ఎటు నిలిచాయో ఓపికగా కనిపెట్టడంతో మొదలుపెట్టవచ్చు, చూపును పసిగట్టే కంప్యూటర్ పరికరాలు ఆ తరువాతి మెట్టు. వెన్నెముక పక్కకు వంగిపోతుంది గనుక ఫిజియోథెరపీ చిన్ననాటి నుంచే ఉండాలి, ఎముకల వైద్యుడు ఏటా చూస్తూ ఉండాలి. నమలడం, మింగడం కష్టమై బరువు తగ్గుతారు కాబట్టి తిండిలో నెయ్యి, నూనె పెంచి శక్తినిచ్చేలా చూడాలి. నలభై ఏళ్ళు దాటి జీవిస్తున్నవారు చాలామంది ఉన్నారు, కాబట్టి ఇవన్నీ ఏదో కొన్నాళ్ళ ముచ్చట కాదు.

అన్నిటికంటే తక్కువమందికి తెలిసినది గుండె సంగతి. రెట్ ఉన్నవారిలో సుమారు ఐదో వంతు మందికి ఈసీజీలో క్యూటీ విరామం, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ సిద్ధమవడానికి పట్టే సమయం, ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంటుంది, అలాంటివారికి గుండె లయ ఒక్కసారిగా తప్పే ప్రమాదం ఉంది. నిర్ధారణ అయిన వెంటనే ఒకసారి, తరువాత ఏడాదికొకసారి ఈసీజీ తీయించాలి. జ్వరానికీ దగ్గుకూ మన ఊళ్ళలో చీటీ లేకుండానే అమ్మే అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ విరామాన్ని ఇంకా పెంచే మందుల్లోవే. కనుక పాపకు రెట్ సిండ్రోమ్ ఉందనీ, క్యూటీని పెంచే మందులు ఇవ్వకూడదనీ ఒక కాగితం మీద రాయించి, పిల్లల వైద్యుడి చేత సంతకం చేయించి, ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీకీ మందుల దుకాణానికీ ఒక్కొక్క నకలు ఇచ్చి ఉంచాలి.